పట్టణానికి జీఐఎస్: ఖర్చు అంచనా ఎలా వేయాలి?

జీఐఎస్ (ఊరి పటాన్ని, అందులోని ఇళ్ల వివరాలను కంప్యూటర్లో కలిపి చూపే వ్యవస్థ) పెట్టాలనుకోగానే చాలా కార్యాలయాల్లో ముందుగా సాఫ్ట్‌వేర్ ధరే వాకబు చేస్తారు. నిజానికి అది తర్వాత చూసుకోవాల్సిన పద్దు. పది వేల ఇళ్లున్న ఒక మున్సిపాలిటీ ఆస్తి పన్ను కోసం ఈ వ్యవస్థ పెట్టుకుంటోందనుకుందాం.

1. దీనితో ఏం తేలాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. "పన్ను పడని కట్టడాలు ఎక్కడున్నాయి?" అంటే పని పరిధి తెలుస్తుంది. "అన్నీ ఉండాలి" అంటే కాంట్రాక్టరుకు పండగే.

2. ఉచితంగా దొరికేవి ముందు చూడండి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలకు రుసుము లేదు. కానీ వాటిలో అత్యంత స్పష్టమైన చిత్రంలోనూ ఒక్కో చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న నేలకు సమానం. చెరువులకు, పంటలకు సరిపోతుంది, ఇళ్ల హద్దులు తేలవు. అందుకు మరింత స్పష్టమైన చిత్రాలు కొనాలి, లేదా డ్రోన్ సర్వే చేయించాలి. చదరపు కిలోమీటరు ధరతో పాటు కనీసం ఎంత విస్తీర్ణం కొనాలో కూడా అడగండి. ఊరు చిన్నదైనా బిల్లు పెద్దదయ్యేది అక్కడే.

3. ఇంటింటి సర్వే లెక్క వేయండి. బడ్జెట్‌ను మింగేది ఇదే. ఒకరు రోజుకు 40 ఇళ్లు చూస్తే పది వేల ఇళ్లకు 250 పనిదినాలు, అంటే ఐదుగురికి 50 రోజులు. తాళం వేసిన ఇళ్లకు మళ్లీ వెళ్లే రోజులు అదనం. ఆపైన పటాన్ని పన్ను రిజిస్టరుతో కలపాలి. కింద దుకాణం, పైన రెండు వాటాలు ఉన్న మేడ పటంలో ఒకటే ఆకారం, రిజిస్టరులో మాత్రం మూడు అసెస్‌మెంట్లు (పన్ను పద్దులు). ఈ చిక్కు విప్పాలంటే ఆ వార్డు తెలిసిన బిల్ కలెక్టరు పక్కన కూర్చోవాలి. ఆయన రోజులకూ జీతం లెక్కకట్టండి, అంచనాల్లో ఎవరూ రాయరు.

4. ఇప్పుడు సాఫ్ట్‌వేర్. పటాలు గీసే క్యూజీఐఎస్, వాటి సమాచారాన్ని భద్రపరిచే పోస్ట్‌జీఐఎస్‌లకు లైసెన్సు రుసుము లేదు, శిక్షణకు మాత్రం డబ్బు పెట్టాలి. ఆర్క్‌జీఐఎస్ వంటి చందా కట్టి వాడే సాఫ్ట్‌వేర్ తీసుకుంటే ఒక్క ఏడాదికి కాదు, ఐదేళ్ల చందాకు కొటేషన్ అడగండి.

5. మంచి కంప్యూటర్లు రెండు, యూపీఎస్, విడిగా బ్యాకప్ డిస్కు. చిన్న పట్టణానికి ఇంతకు మించి అక్కర్లేదు.

6. ఏటా అయ్యే ఖర్చు వేరే పద్దులో చూపండి. కొత్త మేడలు లేస్తాయి, స్థలాలు పంపకమవుతాయి. వాటిని ఎక్కించే ఆపరేటరు జీతం లేని అంచనాను వెనక్కి పంపేయండి.

7. టెండరులో రెండు షరతులు పెట్టండి. సమాచారమంతా వేరే జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లలోనూ తెరుచుకునే జియోప్యాకేజ్ లేదా షేప్‌ఫైల్ రూపంలో మున్సిపాలిటీకి అప్పగించాలి. మీరు ఎంచిన వంద ఇళ్లను మీ సిబ్బంది స్వయంగా సరిచూశాకే చివరి విడత చెల్లింపు.