మీరు పెట్టని ఎనీడెస్క్ కంప్యూటర్‌లో కనిపిస్తే

సొంత కంప్యూటర్‌లో మీరు పెట్టుకోని ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ కనిపించినప్పుడు, కంగారులో దానిని వెంటనే తొలగించవద్దు. ముందుగా వైఫైని ఆపివేయండి లేదా నెట్ కేబుల్‌ను ఊడదీయండి. నెట్ లేనిదే అవతలివారు మీ తెరను చూడలేరు, మౌస్‌ను కదపలేరు.

తరువాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాను తేదీ ప్రకారం అమర్చి, అది ఏ రోజున చేరిందో గమనించండి. ఆ రోజు ప్రింటర్ బాగుచేయించడానికో, బ్యాంకు నుంచి అంటూ వచ్చిన ఫోన్‌ను నమ్మో ఇంట్లో ఎవరైనా దానిని పెట్టారేమో అడగండి, కోప్పడకుండా అడిగితేనే నిజం బయటికి వస్తుంది.

ఎనీడెస్క్ విషయంలో, మామూలుగా కనిపించకుండా దాగి ఉండే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో గానీ, యూజర్ ఖాతాకు చెందిన యాప్‌డేటాలో గానీ 'కనెక్షన్ ట్రేస్' అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. బయటినుంచి ఎవరు, ఏ సమయంలో లోపలికి వచ్చారో అందులో నమోదవుతుంది. వరుసలో 'యూజర్' అని ఉంటే ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నవారే అనుమతించారని, 'పాస్‌వర్డ్' అనే సంకేతం ఉంటే ఎవరూ లేకున్నా వచ్చే ఏర్పాటు జరిగిందని అర్థం. రెండోది మరింత ప్రమాదకరం.

ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే సాఫ్ట్‌వేర్‌ను తొలగించి, యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయించండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చండి. డబ్బు పోయినట్లు తేలితే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.