భోగికి అటక దులిపితే తాత మంగలికత్తి దొరికిందా? ముట్టుకునే ముందు ఇవి చూసుకోండి

నవంబరు వానలు పోయినాయి, భోగికి అటకలు దులిపే రోజులొచ్చాయి. తిరుపతి పాత ఇండ్లల్లో ఇట్లాంటి కత్తులు రేకు డబ్బాల అడుగున ఇంకా దొరుకుతుంటాయి.

సైకిల్ మీద వచ్చే సాన ఆయనకు ఇవ్వొద్దు. కొడవలికి, కత్తిపీటకు ఆ చక్రం సరే. మంగలికత్తి అంచు పలచన. క్షణాల్లో వేడెక్కి నీలిరంగు తిరుగుతుంది. అంతే, ఉక్కు మెత్తబడింది, ఇక పదును నిలవదు. సానరాయి మీద చేత్తోనే పదును పెట్టాలి.

అంచును వెలుగుకు పట్టి చూడండి. చిన్న పెచ్చు ఊడుంటే రాయితో పోతుంది. పగులు కనిపించినా, తుప్పు గుంటలు అంచుదాకా పోయినా గుర్తుగా దాచుకోండి, గడ్డానికి మాత్రం వద్దు.

తుప్పు పోవాలని చింతపండు పెట్టొద్దు. ఇత్తడి చెంబుకు బాగుంటుంది గానీ ఆ పులుపు ఉక్కును తినేస్తుంది. నూనె రాసి ఒక రాత్రి వదిలి, సన్నటి ఉప్పుకాగితంతో వెన్ను (అంచుకు ఎదురుగా ఉండే మందపు వైపు) నుంచి అంచు వైపే రుద్దండి. అడ్డంగా రుద్దితే వేళ్లు తెగుతాయి (నాకు తెగింది).

పిడిని రుద్దితే కర్పూరం వాసనొస్తే అది సెల్యులాయిడ్, పాతకాలం ప్లాస్టిక్. దీపం దగ్గర పెట్టొద్దు, భగ్గుమంటుంది.

రాయి మీద వెన్ను, అంచు రెండూ ఆనాలి, నొక్కకూడదు. వెన్ను లేస్తే కోణం పోతుంది. 1000 నంబరు రాయితో మొదలుపెట్టి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) 8000 దాకా పోవాలి.

రాయి అయ్యాక తోలుపట్టీ మీద రుద్దేటప్పుడు వెన్ను ముందు నడవాలి. అంచు ముందు పెడితే తోలు తెగుతుంది.