వెనిస్ వెళ్తే రాత్రి అక్కడే ఉండండి

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊళ్ళోంచే పారుతుంటే, కాలువలు చూడ్డానికి లక్షలు పోసి ఇటలీ దాకా ఎందుకని బెజవాడలో ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనవి పొలాలకి నీళ్ళివ్వడానికి తవ్వినవి, వెనిస్‌లో కాలువే వీధి. అంబులెన్సు పడవే, చెత్తబండీ పడవే, ఫైరింజనూ పడవే. వందకు పైగా చిన్న దీవులు, నాలుగొందల పైచిలుకు వంతెనలు, బురదలోకి దిగ్గొట్టిన చెక్క దుంగల మీద నిలబెట్టిన మేడలు (గాలి తగలని బురదలో చెక్క అంత తొందరగా కుళ్ళదు). ఇలాంటి ఊరు ఇంకోటి నాకు తెలిసి లేదు.

ఇక అసలు సంగతి. చాలా యూరప్ ప్యాకేజీల్లో వెనిస్‌కి ఒక్క పూటే ఇస్తారు. పొద్దున దింపుతారు, శాన్ మార్కో చర్చి ముందు ఫొటోలు, సాయంత్రానికి మళ్ళీ బస్సు. ఆ పూట ఊరు దసరాల్లో ఇంద్రకీలాద్రి క్యూలైన్‌లా ఉంటుంది, జనం తప్ప ఏమీ కనపడదు. పగటి జనం వెళ్ళిపోయాక, మళ్ళీ తెల్లారి ఏడింటికి, అదే చౌకులో హాయిగా నడవచ్చు. అందుకే కనీసం ఒక్క రాత్రి దీవి మీదే గది తీసుకోండి. బుక్ చేసేటప్పుడు అడ్రస్ చూడండి: మేస్త్రే అని ఉంటే అది నీళ్ళకి ఇవతలి ఒడ్డు, చవకే, రైల్లో పది నిమిషాలే, కానీ రాత్రి వెనిస్ మాత్రం చేజారిపోతుంది. పడవ స్టాపుకి దగ్గర గదైతే మంచిది, ఎందుకంటే దాదాపు ప్రతి వంతెనకీ మెట్లుంటాయి, పెద్ద సూట్‌కేసుతో నడుం విరుగుతుంది.

గండోలాకి, అంటే టూరిస్టుల్ని తిప్పే సన్నటి తెడ్డు పడవకి, బీసెంట్ రోడ్డు బేరాలు అక్కర్లేదు. పగలు అరగంటకి 90 యూరోలని అధికారిక రేటు, అది మనిషికి కాదు, పడవకి. అంత ఎందుకనుకుంటే ట్రాగెట్టో ఎక్కండి, రెండు యూరోలకి అలాంటి పడవలోనే ఊళ్ళోని పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ దాటిస్తారు. నన్నడిగితే ఒకటో నంబరు వాపొరెట్టో, అంటే సిటీ బస్సులాంటి పడవ, అన్నిటికన్నా మేలు. గ్రాండ్ కెనాల్ పొడవునా తిప్పుతుంది, 1591లో పూర్తయిన రియాల్టో వంతెన కింద నుంచే పోతుంది.

గాజు సామాను ఇష్టమైతే మురానో దీవికి వెళ్ళండి. నిప్పు ప్రమాదాల భయంతో 1291లో కొలుములన్నీ అక్కడికి తరలించారు. ఊళ్ళో చవగ్గా అమ్మే గాజుబొమ్మలు మురానోవని నమ్మకండి.

ఎప్పుడు వెళ్ళాలి? ఏప్రిల్, మే లేదా సెప్టెంబరు చివర. జులై, ఆగస్టుల్లో ఉక్క, దోమలు, జనం. ఆ ఉక్క మనకి కొత్తకాదు గానీ దానికి యూరోలు కట్టడమే బాధ. శీతాకాలానికి ముందు సముద్రం పోటెత్తి వీధుల్లోకి వస్తుంది, 1966లో నీటిమట్టం 194 సెంటీమీటర్లకి చేరింది. 2020 నుంచి అడ్డుగేట్లు వాడుతున్నారు కాబట్టి టెన్షన్ తగ్గింది.

ఇటలీకి కావలసిన షెంజెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడి వీసా) ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆలస్యం చేయకండి. 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, పాల పదార్థాలు అక్కడ రానివ్వరు.