ఆకాశం చదువుకుందాం – 5వ పాఠం: గాలి మళ్ళే వేళ

నాలుగో పాఠం దాకా విడివిడిగా నేర్చుకున్నాం. దిక్కులు, మబ్బుల పేర్లు, థర్మామీటరు ఎక్కడ వేలాడదీయాలి, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎందుకు తక్కువ చూపిస్తుంది, ఇవన్నీ అయ్యాయి. ఇవాళ వాటన్నిటినీ ఒకే రోజు మీద ప్రయోగిద్దాం. ఉగాది వెళ్ళాక వచ్చే ఏదో ఒక మామూలు రోజు. ఊరు రాజమండ్రి. కాగితాల మీద రాజమహేంద్రవరం అనుకోండి, మబ్బులకి రెండూ ఒకటే.

చలి సంగతి మనవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు, శివరాత్రికి శివశివా అంటూ పోతుందని. అది పోయాక రోహిణి కార్తె ఎండలు వచ్చేదాకా మధ్యలో ఉన్న రోజులే ఈ పాఠానికి కావాలి. పొద్దున మంచు, పదింటికి ఎండ, రెండింటికి వడగాలి, సాయంత్రం ఉరుము, రాత్రికి దుప్పటి. ఫోన్‌లో మాత్రం రోజు మొత్తానికి ఒకటే బొమ్మ ఉంటుంది: సూర్యుడు, పక్కన చిన్న మబ్బు. ఆ బొమ్మ అబద్ధమని కాదు. పప్పు, పులుసు, పెరుగు అన్నీ ఒకేసారి కలిపేసి విస్తట్లో పెట్టి ఇదే భోజనం అన్నట్టుంటుంది.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన నెత్తిమీద రెండు గాలులు కొట్టుకుంటాయి. ఒకటి తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌ల ఎండిన నేల మీంచి వచ్చే పడమటి గాలి. పొడిగా, వేడిగా ఉంటుంది. రెండోది దక్షిణం నుంచీ ఆగ్నేయం నుంచీ వచ్చే సముద్రపు గాలి. దాన్నిండా తేమే. ఏ గంటకి ఏ గాలిది పైచేయి అన్నదాన్ని బట్టే ఆ రోజు నడుస్తుంది. కాబట్టి ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే, గాలి ఎప్పుడు మళ్ళిందో పట్టుకోవడం.

కూర్చునే చోటు

రాజమండ్రి వాళ్ళకి ఒక అదృష్టం ఉంది. ఊరు గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి ఏ రేవు మెట్ల మీద కూర్చున్నా మొహం పడమరకే ఉంటుంది. ఎదురుగా మేడలు లేవు, చెట్లు లేవు. నీళ్ళు, అవతల కొవ్వూరు, దాని పైనంతా ఆకాశం. కుడిచేతి వైపు, వాయవ్య మూల, పాపికొండల దిక్కు. వేసవి మొదట్లో వచ్చే ఉరుముల మబ్బులు ఎక్కువగా ఈ రెండు దిక్కుల నుంచే వస్తాయి. ఖర్చు పెట్టి అబ్జర్వేటరీ కట్టుకున్నా ఇంతకంటే మంచి చోటు దొరకదు. కొవ్వూరు వాళ్ళకి నది తూర్పున పడింది, పాపం. వాళ్ళు మేడ ఎక్కాల్సిందే.

ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను, అగరొత్తి ఒకటి తెచ్చుకోండి. అగరొత్తి దేవుడికి కాదు. గాలి బాగా తక్కువగా ఉన్నప్పుడు దిక్కు చెప్పేది దాని పొగే.

పొద్దున్న: ఆర్చీలు లెక్కపెట్టండి

మంచు పట్టిన రోజున ‘బాగా మంచు’ అని రాస్తే అది కొలత కాదు. కొలవడానికి మనకి ఆర్చి వంతెన ఉంది. 1997లో పూర్తయిన ఈ రైలు వంతెనకి 28 ఆర్చీలు, ఒక్కొక్కటీ సుమారు 97 మీటర్లు. అంటే ఆర్చీకి వంద మీటర్లు అనుకుంటే పెద్ద తప్పేం లేదు. ఇవతలి ఒడ్డు నుంచి ఎన్ని ఆర్చీలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రెండు సున్నాలు చేర్చండి. ఐదు కనిపిస్తే అర కిలోమీటరు. చూపు కిలోమీటరుకి తగ్గితేనే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది. మనకైతే పది ఆర్చీల లెక్క. పన్నెండు, పదిహేను కనిపిస్తుంటే అది పలచని మంచు మాత్రమే. వంతెన పక్కనే నిలబడితే ఆర్చీలు ఒకదాని మీద ఒకటి పడిపోయి లెక్క తప్పుతుంది. ఒడ్డు వెంబడి కాస్త దూరం నడిచి, ఏటవాలుగా చూడండి.

ఈ మంచు ఎక్కడిది? నిన్న సాయంత్రం సముద్రపు గాలి తెచ్చి వదిలేసిన తేమే ఇది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోతే నేల తన వేడినంతా పైకి వదిలేసుకుంటుంది. నేలని అంటుకున్న గాలి చల్లబడి, తేమ నీటి తుంపరలుగా మారుతుంది. పక్కనే నది ఉంది, దిగువన ధవళేశ్వరం నుంచి బయల్దేరిన కాలవలున్నాయి, నీళ్ళు పెట్టిన దాళ్వా (రెండో పంట వరి) చేలున్నాయి. తేమకి లోటు లేదు. అందుకే పొద్దున మంచు పట్టిందంటే అది నిన్నటి కబురు మాత్రమే కాదు, ఇవాళ్టిది కూడా. తేమ ఇంకా ఇక్కడే ఉంది, ఎటూ పోలేదు అని అర్థం. నోట్‌బుక్కులో దీని పక్కన చుక్క పెట్టుకోండి. సాయంత్రం పని ఉంది.

తెల్లవారిన వెంటనే అన్నిటికంటే చల్లగా ఉంటుందని మూడో పాఠంలో చెప్పాను. అర్ధరాత్రి అని రాసినవాళ్ళు దిద్దుకోండి.

పదింటి నుంచి రెండింటి దాకా

మంచు విడిపోయాక పడమటి గాలి లేస్తుంది. అగరొత్తి పొగ ఊరి వైపు వాలుతుంది. పెదాలు ఎండుతాయి. బట్టలు ఆరేసి వెనక్కి తిరిగేలోపే ఆరిపోతాయి. ఈ గంటల్లో చూడాల్సింది తక్కువే, ఒక చిన్న లెక్క తప్ప.

ఫోన్‌లో ఉష్ణోగ్రత పక్కన డ్యూ పాయింట్ అని ఒకటి ఉంటుంది, చాలామంది చూడరు. గాలిని చల్లబరుస్తూ పోతే ఎక్కడికి వచ్చేసరికి అందులోని తేమ నీరుగా మారడం మొదలవుతుందో ఆ అంకె అది. ఉష్ణోగ్రతలోంచి దాన్ని తీసేసి, వచ్చినదాన్ని 125తో హెచ్చవేయండి. దూది మబ్బుల అడుగు నేల నుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో దాదాపుగా వస్తుంది. ఉష్ణోగ్రత 36, డ్యూ పాయింట్ 24 అయితే తేడా 12. మబ్బు అడుగు 1500 మీటర్ల దగ్గర. అదే 36, 14 అయితే తేడా 22, ఎత్తు 2750 మీటర్లు. రెండో రకం రోజున మబ్బు కట్టడమే కష్టం. కట్టినా అందులోంచి పడే చినుకులు ఆ పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతాయి. మొదటి రకం రోజుతోనే జాగ్రత్త.

పదకొండు, పన్నెండింటికి దూది మబ్బులు కనపడితే వాటి ఆకారం చూడండి. వెడల్పుగా, రొట్టెల్లా పరుచుకుంటే భయం లేదు. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువై, పైన కాలీఫ్లవర్ లాగా ఉబ్బుతుంటే ఇంకో చుక్క పెట్టండి.

మూడు దాటాక: గాలి మళ్ళింది

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మా బావది ఆలమూరు దగ్గర ఊరు. నాలుగేళ్ళ కిందట, ఏప్రిల్ మధ్యలో, దాళ్వా ధాన్యం రోడ్డు మీద ఆరబోశాడు. కొనుగోలుకి తేమ 17 శాతం మించకూడదు కదా, ఒక్క ఎండ తగిలితే చాలు. మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ చేసి, “బావా, సాయంత్రం దాకా ఉంచనా, ఎత్తేయనా?” అన్నాడు. బయటికి వెళ్ళి చూశాను. ఆకాశం నీలంగా ఉంది, గాలి పడమటిది, పొడిగా కొడుతోంది. “ఉంచు బావా, ఏం కాదు” అన్నాను పెద్ద పండితుడిలా. ఐదున్నరకి బరకాలు కప్పే టైం కూడా ఇవ్వకుండా కొట్టింది వాన. ఆ రాత్రి మళ్ళీ ఫోన్. “ఏం బావా, నాలుగింటికి గాలి మళ్ళిందని ధాన్యం కాసే కుర్రాడికి తెలిసింది. నీ నోట్‌బుక్కుకి తెలీలేదా?” అన్నాడు.

తెలీలేదు. రెండున్నరకి చూసింది సరిగ్గానే చూశాను. నాలుగింటికి మళ్ళీ చూడలేదు, అదీ తప్పు. ‘అశ్వని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును’ అన్న సామెత అంతకు ముందు వందసార్లు విన్నాను గానీ, అర్థమైంది ఆ రోజే. అశ్వని కార్తె అంటే ఏప్రిల్ రెండో సగం, ధాన్యం ఇంకా బయటే ఉండే రోజులు. భరణి వచ్చేసరికి చేలు ఖాళీ అవుతాయి, అప్పుడు పడ్డ వాన దుక్కికి పనికొస్తుంది.

సరే, నాలుగింటికి ఏం జరుగుతుంది? ఎండకి నేల తొందరగా కాగుతుంది, సముద్రం నిదానంగా కాగుతుంది. కాగిన నేల మీద గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. తీరంలో ఇది పొద్దెక్కగానే మొదలవుతుంది. కాకినాడలో ఫ్యాను అక్కర్లేని చల్లదనం వచ్చేసిన గంటల తర్వాత గానీ అది మన దాకా చేరదు. కాకినాడ రోడ్డు లెక్కన మనకి అరవై కిలోమీటర్ల పైచిలుకు మరి. అది చేరే ముందు ఒక పావుగంట గాలి ఆగిపోతుంది. అగరొత్తి పొగ నిటారుగా లేస్తుంది. తర్వాత మెల్లగా నది వైపు వాలుతుంది. అదే క్షణం! టైం రాసుకోండి. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గినా ఒళ్ళు జిడ్డుగా అవుతుంది, ఉక్క పోస్తుంది. ఫోన్‌లో డ్యూ పాయింట్ పైకి పాకుతుంది. థర్మామీటరు చల్లబడింది అంటుంది, చొక్కా కాదంటుంది. చొక్కాని నమ్మండి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. గాలి ఆగ్నేయం నుంచి వస్తోంది కాబట్టి వాన కూడా అటు నుంచే వస్తుందని సముద్రం వైపు చూస్తూ కూర్చుంటారు. నేల దగ్గర గాలి వేరు, కొన్ని కిలోమీటర్ల పైన గాలి వేరు. ఈ నెలల్లో పైన వీచేది పడమటి గాలే. కింద సముద్రపు గాలి మబ్బుకి మేత తెచ్చి పెడుతుంటే, పైగాలి ఆ మబ్బుని పడమర నుంచి తూర్పుకి తోలుకొస్తుంది. అంటే మబ్బు ఎదురుగాలిలో మన మీదికొస్తుంది. వీపుకి చల్లగాలి తగులుతున్నప్పుడు కళ్ళు కొవ్వూరు మీదే ఉంచాలి.

అక్కడ ముందు కనిపించేది నల్లమబ్బు కాదు. తెల్లగా, పీచులాగా, పైన పరుచుకుంటూ వచ్చే పలచని పొర. పెద్ద ఉరుముల మబ్బు ఎదిగి ఎదిగి ఇంకా పైకి పోలేక అడ్డంగా పరుచుకుంటుంది. ఆ పరుపే ముందుగా సూర్యుడిని మసక చేస్తుంది. అది వచ్చాక కింద నలుపు, నలుపులో మెరుపు.

మెరుపు కనిపించగానే లెక్కపెట్టడం మొదలుపెట్టి ఉరుము వినిపించాక ఆపండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. పన్నెండు సెకన్లు అంటే నాలుగు కిలోమీటర్లు, మీరు అప్పటికే ఇంట్లో ఉండాల్సిన దూరం. లెక్క ముప్ఫైకి తగ్గగానే, అంటే పది కిలోమీటర్ల లోపుకి రాగానే, నోట్‌బుక్కు మూసేసి పక్కా భవనంలోకి వెళ్ళిపోవాలి. రేవు మెట్లు, పడవ, ఖాళీ చేను, కొబ్బరిచెట్టు కింద, ఇవేవీ పనికిరావు. కోనసీమలో ప్రతి ఊళ్ళోనూ పిడుగు పడి మాడిన కొబ్బరి మొవ్వ గురించి చెప్పేవాళ్ళు ఉంటారు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి, మీరున్న చోటికి దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది. దాన్ని చూసుకుంటూ చెట్టు కింద నిలబడకండి, అంతే.

ఇంట్లోకి వచ్చాక కిటికీలోంచి నది కనిపించేవాళ్ళకి ఒక అందమైన దృశ్యం. వానకి ముందు మబ్బులోంచి చల్లగాలి కిందికి దిగి నలుదిక్కులా చిమ్ముతుంది. అది గోదావరి మీదికి దిగినప్పుడు కొవ్వూరు ఒడ్డున నీళ్ళ మీద నల్లటి గీత గీసినట్టు కనపడి, ఇటు కదులుతుంది. ఆ గాలి గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తే, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు నదిని దాటడానికి పట్టేది నాలుగు నిమిషాలు. మేడ మీది బట్టలు తెచ్చుకోవడానికి ఆ నాలుగు నిమిషాలు చాలనుకోకండి, ఉరుము ఎప్పుడో మొదలైంది.

వాన వెలిశాక పడమట ఎండ పడి, తూర్పున, అంటే లాలాచెరువు వైపు, ఇంద్రధనుస్సు కనిపిస్తే వాన మనల్ని దాటి వెళ్ళిపోయినట్టే. ఎందుకో మీరే చెప్పండి. సూర్యుడు ఎటున్నాడు, ఇంద్రధనుస్సుకి చినుకులు ఎటుండాలి, మబ్బు ఎటు నడుస్తోంది అన్న మూడూ కలిపి ఆలోచిస్తే వస్తుంది.

ఒక హెచ్చరిక. ఇన్ని గుర్తులూ కనిపించి, ఉరిమి, ఊరించి, నాలుగు చినుకులు కూడా రాల్చకుండా పోయే రోజులే ఎక్కువ. మామిడికాయలు రాలి ఊరగాయ పెట్టుకునేవాళ్ళకి పనవుతుంది, అంతే. అలాంటి రోజుని కూడా రాసుకోండి. వాన పడిన రోజులే రాసుకునేవాడికి గుర్తులన్నీ నిజమైనట్టే కనిపిస్తాయి.

ఇంటి పని

వారం రోజులు, రోజుకి నాలుగుసార్లు: పొద్దున ఆరు, పదకొండు, మూడు, ఐదు. ప్రతిసారీ గాలి దిక్కు, ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, మబ్బు ఆకారం. మంచుంటే ఆర్చీల సంఖ్య. వంతెన లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు దూరం తెలిసిన సెల్ టవరు, గుడి గోపురం, ఏదైనా పెట్టుకోవచ్చు. గాలి మళ్ళిన టైంకి విడిగా ఒక గడి గీయండి.

కింద రెండు రోజుల లెక్కలిస్తున్నాను, నేను కల్పించినవే. జంట అంకెల్లో మొదటిది ఉష్ణోగ్రత, రెండోది డ్యూ పాయింట్. మొదటి రోజు: పొద్దున ఆరు ఆర్చీలు, పదకొండింటికి పడమటి గాలి, 33, 22, మూడింటికి గాలి లేదు, 36, 23, ఐదింటికి ఆగ్నేయం, 34, 25, వాయవ్యాన తెల్లటి పీచు పొర. రెండో రోజు: పొద్దున 28 ఆర్చీలూ కనిపించాయి, పదకొండింటికి పడమటి గాలి, 35, 16, మూడింటికి పడమటి గాలి, 39, 13, ఐదింటికీ పడమటి గాలే, 38, 14.

ఏ రోజున ధాన్యం ఎత్తేయమంటారు, ఎన్నింటికి ఎత్తేయమంటారు? రెండు రోజులకీ మూడింటి మబ్బు అడుగు ఎత్తు కూడా లెక్కగట్టండి. జవాబులు ఆరో పాఠంలో ఉంటాయి. విశాఖపట్నం, మచిలీపట్నం రాడార్ బొమ్మల్లో రంగులు ఎలా చదవాలో కూడా అందులోనే చూద్దాం. మొదటి రోజు లెక్క మా బావకి పంపాను, గంటలో జవాబు వచ్చేసింది. అది ఇక్కడ రాయను.