పాత కేసు కాగితాలు చదవడం ఎలా: కన్నం కేసు, ఓటుకు డబ్బు కేసు

తెనాలి కోర్టుల్లో ప్లీడరు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. తాతగారి పెట్టెలో దొరికిన తీర్పు నకలో, చార్జిషీటో పట్టుకొచ్చి "బాబాయ్, ఇందులో ఏముందో చెప్పు" అని తెలిసినవాళ్ల పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇంట్లో దొంగలు పడ్డ కేసులు, ఎన్నికల్లో డబ్బు పంచిన కేసులు ఎవరికి వాళ్లే చదువుకోవచ్చు. వరస తెలిస్తే చాలు.

ముందు తేదీ చూడండి. తీర్పు తేదీ కాదు, నేరం జరిగిన తేదీ. 1862 జనవరి 1 నుంచి 2024 జూన్ 30 దాకా జరిగినదైతే ఇండియన్ పీనల్ కోడ్, ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత. 2023లో జరిగిన దొంగతనానికి ఈ రోజు తీర్పు వచ్చినా పాత కోడ్ సెక్షన్లే ఉంటాయి. కాగితం పాత నైజాం ఇలాకాదైతే ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడ 1951 దాకా పీనల్ కోడ్ అమల్లో లేదు, సంస్థానానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. కాబట్టి ఆ నంబర్లను కోస్తా కాగితాలతో పోల్చకండి. ఫసలీ సంవత్సరం (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే దానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

ఇక కన్నం కేసు. పీనల్ కోడ్‌లో మామూలుగా కనిపించే సెక్షన్ల జంట "457, 380". 380 అంటే ఇంట్లో దొంగతనం, ఏడేళ్ల వరకు శిక్ష. 457 అంటే ఆ దొంగతనం కోసం రాత్రిపూట దొంగచాటుగా దూరడం లేదా ఇల్లు పగలగొట్టడం, పద్నాలుగేళ్ల వరకు శిక్ష. అదే పని పగలు చేస్తే 454, పదేళ్ల వరకు. స్టేషన్లో "హెచ్‌బీ బై నైట్", "హెచ్‌బీ బై డే" అనేది ఈ తేడానే. హెచ్‌బీ అంటే హౌస్ బ్రేకింగ్, ఇల్లు పగలగొట్టడం. రాత్రి అంటే సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు. అందుకే సాక్షులను "అప్పటికి దీపాలు పెట్టారా?" అని అడిగిన ప్రశ్న కనిపిస్తే తేలిగ్గా దాటెయ్యకండి. కేసు ఏ సెక్షన్ కిందికి వెళ్తుందో ఆ జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

తర్వాత ఎలా దూరాడో చూడాలి. ఇక్కడ 445వ సెక్షన్ తెరిచి పక్కన పెట్టుకోండి. ఇల్లు పగలగొట్టడం కిందికి వచ్చే ఆరు పద్ధతులు అందులో ఉన్నాయి. కింద ఇచ్చిన ఉదాహరణల్లో మొదటిదే గోడకు కన్నం వేసి చెయ్యి లోపల పెట్టడం. మట్టిగోడల ఇళ్లలో మనవాళ్లు చూసిన దొంగతనం అచ్చంగా అదే. కిటికీలోంచి దూరినా, తలుపు సందులోంచి తీగ పెట్టి గడియ ఎత్తినా, యజమాని పోగొట్టుకున్న తాళంచెవి దొరికితే దానితో తలుపు తీసి లోపలికి వెళ్లినా, గుమ్మంలో నిలబడ్డ మనిషిని తోసేసి వెళ్లినా ఇదే నేరం. ఏదీ విరగనక్కర్లేదు. ఒళ్లంతా లోపలికి రానక్కర్లేదు, చెయ్యి వస్తే చాలు. తలుపు తీసి ఉంటే మామూలుగా నడిచి లోపలికి వచ్చినవాడి మీద మాత్రం 445 నిలవదు. తీర్పులో 457 కొట్టేసి 380 మాత్రమే ఉంచారంటే, తలుపు సంగతి సాక్ష్యంలో ఎలా వచ్చిందో ముందు వెతకండి. కొత్త సంహితలో 457కు బదులు 331(4), 380కి బదులు 305 కనిపిస్తాయి.

1956కు ముందు కాగితాల్లో ద్వీపాంతరవాసం, అంటే సముద్రం దాటించి పంపే శిక్ష, అని ఉంటుంది. ఆ ఏడాది నుంచి దాని స్థానంలో యావజ్జీవ ఖైదు వచ్చింది. 75వ సెక్షన్ జతచేసి ఉంటే ముద్దాయికి పాత శిక్ష ఉందని అర్థం.

నన్ను బాధపెట్టే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1952 దాకా నేరస్థ తెగల చట్టం ఉండేది. కొన్ని కులాల వాళ్ల పేర్లు, వేలిముద్రలు పుట్టుక ఆధారంగా రిజిస్టర్లలో ఎక్కించారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను పెట్టిన సెటిల్మెంటు ఆ రోజులదే. ఆనాటి కన్నం కేసులో ముద్దాయి రిజిస్టరైన మనిషి అని కనిపిస్తే, దాన్ని అతను దొంగ అనడానికి రుజువుగా చదవకండి. దొరికిన సొత్తు ఏమిటి, ఎవరు గుర్తుపట్టారు, పంచనామాలో సంతకాలు ఎవరివి, ఇవి చూడండి. మీ తాతగారి పేరు అలాంటి కాగితంలో ఉంటే మీరు తలదించుకోవాల్సిన పని లేదు.

ఎన్నికల కేసుకు వద్దాం. 171 పక్కన అక్షరం ఉంటే అది 1920లో చేర్చిన ఎన్నికల అధ్యాయం. 171బి లంచం అంటే ఏమిటో చెబుతుంది, 171ఇ శిక్ష చెబుతుంది. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. భోజనం, మందు, వినోదం రూపంలో ఇస్తే జరిమానా మాత్రమే. కొత్త సంహితలో ఇవి 170, 173 అయ్యాయి, శిక్ష మాత్రం పెరగలేదు. రాత్రి తాళం తీసి బిందె ఎత్తుకుపోయినవాడికి పద్నాలుగేళ్ల దాకా పడే చోట, ఊరి ఓట్లు కొన్నవాడికి ఏడాది! నూరేళ్లు దాటినా దీన్ని మార్చకపోవడం అన్యాయమని గట్టిగా నమ్ముతాను.

171బి చదివేటప్పుడు మూడు విషయాలు పట్టుకోండి. ఇచ్చినవాడితో పాటు పుచ్చుకున్నవాడిదీ నేరమే. డబ్బు చేతులు మారకపోయినా ఇస్తానంటే చాలు. ఓటు వెయ్యడానికే కాదు, పోటీ నుంచి తప్పుకోవడానికి ఇచ్చినా లంచమే. పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ వెనక్కి తీసుకోమని డబ్బిచ్చినా ఈ సెక్షన్ వర్తిస్తుంది. ప్రభుత్వ విధానం ప్రకటించడం, ప్రజలకు ఫలానా పని చేస్తామని వాగ్దానం చెయ్యడం మాత్రం ఇందులోకి రావు. 171ఇ కింద శిక్ష పడితే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ప్రకారం పోటీకి అనర్హత కూడా వస్తుంది. అభ్యర్థులు ఏడాది జైలు కంటే దీనికే ఎక్కువ టెన్షన్ పడతారు.

చివరిగా ఫైల్లో ఒక కాగితం వెతకండి. లంచం కేసు నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 155(2), కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 174. కాగ్నిజబుల్ సెక్షన్, అంటే పోలీసులు సొంతంగా దర్యాప్తు చెయ్యగలిగేది, ఇంకేదైనా తోడై ఉంటే ఆ అనుమతి అవసరం పడదు. కేసు 171ఇ ఒక్కదాని మీదే నడిచి, ఫైల్లో అనుమతి ఉత్తర్వు కనిపించకపోతే, కొట్టేసిన కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.