బెంగళూరుకు బండి తెచ్చుకున్నారా? ముందు గేజు తీసి చూడండి

ఆ మధ్య ఒక శనివారం రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, సిల్క్ బోర్డ్ దగ్గర బండి ఆగిపోయింది. కిక్కు కొడదామంటే రాడ్డే కదలట్లేదు" అన్నాడు. రాడ్డు కదలట్లేదన్నప్పుడే ఇంజిన్ పట్టేసిందని నాకు సగం అర్థమైంది. వెళ్లి ఇంజిన్ ఆయిల్ గేజు, అదే ఆయిల్ మూతకు ఉండే కొలత పుల్ల, తీసి చూస్తే దాని చివర తడి కూడా లేదు. అనంతపురం నుంచి ఆ బండి మీదే వచ్చాడు. వచ్చి ఐదు నెలలైంది, ఒక్కసారి కూడా గేజు తీయలేదట. "పెట్రోలు కొట్టిస్తూనే ఉన్నా కదా అన్నయ్యా" అన్నాడు. నడిరోడ్డు కాబట్టి ఊరుకున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకు పీజీ ఎక్కడ బాగుంటుంది, అడ్వాన్సు ఎంత అడుగుతారు, ఏ మెస్సులో పప్పు పప్పులా ఉంటుంది, బండికి ఎన్‌ఓసీ ఎలా తెచ్చుకోవాలి, ఇలాంటివన్నీ మారతహళ్లిలో దిగిన గంటలోపే ఎవరో ఒకరు చెబుతారు. వాటి జోలికి నేను వెళ్లను. ఇంజిన్ ఆయిల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

నా కథ ఇంకా అన్యాయం. వాడు పోయక చెడగొట్టుకుంటే నేను పోసి చెడగొట్టుకున్నాను. వచ్చిన రెండో నెలలో, మా పీజీ సెల్లార్లో వాలు మీద సైడ్ స్టాండ్ వేసి ఉన్న బండికి గేజు తీసి చూశాను. బండి ఎడమకు ఒరిగి ఉంది, నా బండికి గేజు ఉండేదేమో కుడి పక్కన. ఆయిలంతా ఎడమకు చేరితే గేజుకు ఏం అంటుతుంది? అయిపోయిందనుకుని అర లీటరు పోసేశాను. మర్నాడు మారతహళ్లి బ్రిడ్జి ఎక్కేసరికి సైలెన్సర్ నిండా పొగ, బండికి పికప్ లేదు, వెనక ఆటో ఆయన నాకు అర్థం కాని కన్నడలో దీవిస్తున్నాడు. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ విప్పితే అది నూనె ఓడని గారెలా ఉంది. ఆయిల్ ఎక్కువైతే ఇంజిన్ ఆవిరి వెళ్లే పైపులోంచి ఫిల్టర్లోకి ఎగదన్నుతుందని ఆ రోజే తెలిసింది.

అందుకే చెబుతున్నాను, సైడ్ స్టాండ్ మీద చూడకండి. నేల చదునుగా ఉన్నచోట డబుల్ స్టాండ్ వేయండి. మీ సెల్లార్ అంతా వాలే అయితే బండిని గేటు బయటికి తీసుకురండి, బద్ధకించకండి. డబుల్ స్టాండ్ లేని బండైతే ఒకరిని నిటారుగా పట్టుకోమనండి. ఇంజిన్ ఒక 3 నుంచి 5 నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపేయండి. ఆపగానే చూడొద్దు, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి, 2, 3 నిమిషాలు ఆగండి. అప్పుడు గేజు తీసి పాత బనీను గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీయండి. చాలా హీరో, హోండా బండ్లకు రెండోసారి పెట్టేటప్పుడు మర తిప్పకూడదు, ఊరికే ఆనించి తీయాలి. తిప్పితే గేజు ఇంకా లోపలికి దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. మీ బండికి ఏ పద్ధతో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం సీటు కిందే ఉంటుంది, కవరు కూడా చింపి ఉండరు. బుల్లెట్ లాంటి వాటికి పక్కన చిన్న గాజు కిటికీ ఉంటే గేజుతో పనే లేదు, బండి నిలబెట్టి అందులో చూడడమే.

గేజు మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. కింది గీతకు దిగిందంటే పోయాలి, కానీ డబ్బా ఎత్తి వంచేయకండి బాబూ. ఇక్కడ బై టూ టీ చెబితే ఒక్కో గ్లాసులో ఎంత వస్తుందో, ఒక్కసారికి అంతే పోయండి. కాసేపు ఆగి మళ్లీ చూడండి.

మా ఊళ్లో ఇంత గొడవ లేదే అంటారు. నిజమే, అక్కడ బండికి గాలి తగిలేది. సిల్క్ బోర్డ్ నుంచి కేఆర్ పురం దాకా 17 కిలోమీటర్లే, కానీ సాయంత్రం ఆ దారిలో వెళ్లి చూడండి, ఫస్ట్ గేరు, న్యూట్రల్, ఫస్ట్ గేరు. మన చిన్న బండ్లు గాలికి చల్లబడేవి. గాలి లేనప్పుడు ఆ వేడిలో చాలా భాగం ఆయిలే మోయాలి. వేడికి పలచబడి పిస్టన్ రింగులు దాటి కొంచెం కొంచెంగా కాలిపోతుంది కూడా. మీటరు మీద వంద కిలోమీటర్లే తిరిగినా ఇంజిన్ తిరిగిన గంటలు ఎక్కువ. కాబట్టి ఆయిల్ మార్చడానికి మీటరొక్కటే చూసుకోకండి, నెలలు కూడా లెక్కపెట్టుకోండి. చిన్న బండ్లలో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు ఉండదు. మీరు చూస్తేనే తెలుస్తుంది.

ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ30 అనో 20డబ్ల్యూ40 అనో ఉంటుంది, అది ఆయిల్ చిక్కదనం, పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే కొనండి. దాంతో పాటు గేర్ల బండ్ల ఆయిల్‌కు ఇచ్చే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉందో లేదో చూడండి. మన గేర్ల బండ్లలో క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కారుకు పోయగా మిగిలిందని ఎవరైనా ఇస్తే పోసుకోకండి, క్లచ్ ప్లేట్లు జారిపోతాయి. స్కూటర్లకని అమ్మే ఎంబీ రకమూ గేర్ల బండికి వద్దు.

సర్వీసుకిచ్చి తెచ్చుకున్న రోజు కూడా గేజు చూడండి. నాకు ఒకచోట కొత్త ఆయిల్ పోశామని బిల్లు వేసి కింది గీత దాకానే పోశారు. మెకానిక్ "ఆయిల్ కమ్మి ఇదె" అన్నాడంటే ఆయిల్ కమ్మగా ఉందని కాదు, తక్కువైందని. మొదటి నెలలో నేను నవ్వి తలూపి వచ్చేశాను.

వానాకాలంలో బెళ్లందూరు వైపు నీళ్లలోంచి బండి తోసుకురావాల్సి వస్తే వెంటనే స్టార్ట్ చేయకండి. ముందు గేజు తీసి చూడండి, ఆయిల్ రంగు ఫిల్టర్ కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు చేరాయన్నట్టే. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు మా ఆఫీసు పార్కింగులో సగం మంది ముందు సెల్ఫ్ కొట్టారు, తర్వాత మెకానిక్‌కు ఫోన్ కొట్టారు.

ఇంత చదివి టెన్షన్ పడేవాళ్లూ ఉంటారు, వాళ్ల కోసం చెబుతున్నాను. ఆయిల్ నల్లబడిందని కంగారు పడక్కర్లేదు, పనిచేసే ఆయిల్ నల్లబడుతుంది. పై గీత కంటే కాస్త కిందుంటే ఏమీ కాదు, పోయకండి. డిసెంబరు పొద్దుటి చలికి బండి ఒక నిమిషం గరగరమన్నా భయం లేదు. ఆదివారం ఒక్క ఐదు నిమిషాల పని, అంతే. నాలాంటివాడికే వచ్చింది, మీకు రాకపోతుందా.

మా తమ్ముడి బండికి ఇంజిన్ బోరు చేయించాం. ఎనిమిది వేల చిల్లర అయింది, సగం నేనే పెట్టాను. నిన్న వాట్సాప్‌లో గేజు ఫొటో పంపాడు, ఆయిల్ కింది గీత దగ్గరుంది. "పోయమంటావా అన్నయ్యా?" అని అడిగాడు. ఫొటోలో వెనక బండి సైడ్ స్టాండ్ మీదే ఉంది.