మునిగిన తెరచాప ఓడ చరిత్రను రాయడం ఎలా?

సముద్రగర్భంలోని ఓడ చరిత్రను రాయదలచినవారు నీటిలోకి దిగకముందే ఒడ్డున చేయవలసిన పని చాలా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో బారువ నుంచి కళింగపట్నం వరకు ముందుగా కలవవలసింది వయసు మళ్లిన మత్స్యకారులను. వల ఎక్కడ చిక్కి చిరుగుతుందో, ఏ చోట చేపలు గుమికూడతాయో, ఒడ్డున ఉన్న ఏ రెండు గుర్తులు ఒకే వరుసలోకి వస్తే ఆ చోటు తగులుతుందో వారికి తెలుసు. వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకొని, ఆ తర్వాత జీపీఎస్ అంకెలను చేర్చుకోవాలి. వంశధార, మహేంద్రతనయ వరద నీటితో సముద్రం బురదగా ఉన్న రోజుల్లో డైవింగ్‌కు దిగకూడదు. శిక్షణ పొందిన తోడు లేకుండా ఏ రోజూ దిగకూడదు.

నీటి అడుగున మొదట తేల్చవలసినది అది ఏ రకం ఓడ అన్నది. బారువ దగ్గర మునిగి ఉన్న, డైవర్లు చూసి వస్తున్న ‘చిల్కా’ అనే ఓడ ఆవిరితో నడిచినది. అటువంటి ఓడను బాయిలరు, ఇంజను పట్టిస్తాయి. తెరచాప ఓడలో అవి ఉండవు సరికదా, వెచ్చని ఉప్పునీటిలో టెరిడో అనే గవ్వజాతి జీవి దాని కలపను తొలిచి తినేస్తుంది కనుక, ఇసుక కప్పిన భాగం తప్ప తక్కినది మిగలడం అరుదు. 1628లో స్వీడన్‌లో మునిగిన వాసా ఓడ 1961లో దాదాపు పూర్తి రూపంతో పైకి రాగలిగింది, ఎందుకంటే బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, అక్కడ ఆ జీవి బతకదు. బంగాళాఖాతంలో అంతటి ఆశ పెట్టుకోరాదు. ఇక్కడ వెతకవలసినవి ఓడ నిలకడ కోసం అడుగున నింపిన రాళ్ల కుప్ప, లంగరు, ఫిరంగులు, కలపకు రక్షణగా కొట్టిన రాగిరేకులు. ఐరోపా ఓడలకు రాగిరేకు వేయడం 18వ శతాబ్దం రెండవ సగంలో వ్యాపించింది కాబట్టి, కాలాన్ని అంచనా వేయడానికి అది మంచి ఆధారం.

దేనినీ కదిలించకుండా కొలవాలి, కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీయాలి. లంగరు ఓడకు ఎంత దూరంలో, ఏ దిక్కున పడి ఉన్నదన్నదే ఒక్కోసారి ప్రమాదం జరిగిన తీరును చెబుతుంది. దానిని పైకి లాగినవారు ఆ సాక్ష్యాన్ని చెరిపివేసినట్టే. నూరేళ్లకు పైగా నీటిలో ఉన్న అవశేషాలను ఉన్నచోటనే కాపాడడానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని 2001 నాటి యునెస్కో ఒప్పందం కూడా చెబుతున్నది. పాత ఓడ కనిపిస్తే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు తెలియజేయాలి.

తర్వాతిది కాగితాల పని. ఈ తీరం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది కాబట్టి నాటి రికార్డులను చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, ఈస్టిండియా కంపెనీ ఓడల లాగ్‌బుక్కులను (ప్రయాణ దినచర్యలను) లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో వెతకాలి. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకలు విశాఖపట్నంపై దాడి చేసినప్పుడు బార్నబాస్ అనే వర్తక ఓడ లంగరు తాడు తెంచుకొని ఒడ్డుకు కొట్టుకువచ్చి పగిలిందని మనకు తెలిసింది అటువంటి రాతల వల్లనే. రాతలోని కొలతలు, సరుకు, కాలం నీటి అడుగున చూసినవాటితో సరిపోలకపోతే, ఎంత ఆకర్షణీయమైన పేరైనా పక్కన పెట్టి, పేరు తెలియని ఓడ అనే రాయాలి.